మట్టి లేని మైదానం

స్తంభంలోంచి వచ్చి భక్తుణ్ణి కాచిన సింహాద్రి అప్పన్నకు ముందుగా నా నమస్కారం. ఆయన తలపు లేకుండా నేను ఏ ఆటా మొదలుపెట్టలేదు, ఈ మాటలూ మొదలుపెట్టను.

ఈ సాయంత్రం భజన ముగిసి హారతి పళ్ళెం తిరుగుతుండగా మా అమ్మాయి కూతురు నా పక్కకు జరిగి, తనను బయటి మైదానంలో ఫుట్‌బాల్ ఆడే జట్టువాళ్ళూ, హాల్లో ఫుట్‌సాల్ ఆడే జట్టువాళ్ళూ కూడా ఎంచుకున్నారనీ, రెంటిలో ఒకటే ఒప్పుకోవాలనీ, రేపటికల్లా జవాబు చెప్పాలనీ అంది. ఈ మలాయి దేశపు పిల్లలందరిలాగే మాట చివర 'లా' తగిలించి, "నువ్వు రెండూ ఆడినావు కదా తాతా, ఏది మంచిదో సెప్పు లా!" అని నా మోకాలు తట్టింది. నా చేతిలోని ప్రసాదం దాని చేతిలో పెట్టాను. రెండూ ఆడి పొట్ట పోసుకున్నమాట నిజమే.

నా తరం వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, తెలుక్ ఇంటాన్ ఊరి దగ్గరి తోటల్లో చెట్ల మధ్య కాస్త చదునుగా కనబడిన చోటల్లా మనకు మైదానమే. దిగేముందు చిటికెడు మట్టి తీసి నుదుట పెట్టుకోవడం భజన మందిరం పిల్లలందరికీ అలవాటు, మందిరం నడిపే మా పెదనాన్న నేర్పినది. ఇపో పట్టణంలో జీతానికి ఆడే జట్టులో చేరాక కూడా నేను దాన్ని మానలేదు. మోకాలు దెబ్బతిని ఆ జట్టు నన్ను వదులుకున్నప్పుడు, మళ్ళీ ఆ పచ్చిక మీదికే పంపమని అప్పన్నను వేడుకున్నాను. పిలుపు వచ్చింది, కానీ కౌలాలంపూర్‌లో కప్పు కింద ఫుట్‌సాల్ ఆడే జట్టునుంచి.

మొదటిరోజు ఆ హాలు గుమ్మంలో నిలబడి చూస్తే అద్దంలా మెరిసే చెక్కనేల, అప్పుడే తుడిచిన మందిరంలా ఉంది. నా చేతులు వాటంతటవే బూట్లు విప్పి గుమ్మం బయట పెట్టేశాయి. లోపల అందరూ ఒకటే నవ్వు. "డేయ్, ఇది కోయిల్ కాదు లా! హారతి అయినాక ఆడదామా?" అన్నాడు తమిళ కెప్టెన్. నేనూ నవ్వి బూట్లు వేసుకున్నాను గాని, మట్టికోసం వంగిన చెయ్యి వట్టిదే పైకి వచ్చింది. ఆ రోజు బంతి ఎటునుంచి వచ్చిందో, ఎటు పోయిందో నాకు తెలియలేదు. రేపు ఒక్కరోజు చూస్తాను, తరవాత ఇంటికే అన్నాడు కోచ్.

పెదనాన్నకు ఫోను చేసి, దేవుడు నా మొర విన్నాడా, పెడచెవిని పెట్టాడా అని అడిగాను. "స్తంబంలో ఉన్నోడు సెక్కనేలలో ఉండడేటిరా? ముందు తాకి సూడు, తరవాత నన్నడుగు," అని కసిరారు. మర్నాడు అరచెయ్యి నేలకానించి కళ్ళకద్దుకున్నాను. జట్టులో నిలిచాను, ఏళ్ళ తరబడి ఆడాను, ఇల్లూ నిలబడింది. అయినా గెలిచిన రోజున కూడా, అడిగింది ఇది కాదు గదా స్వామీ అనుకునేవాణ్ణి. అది వరమో, వరం ఇవ్వనందుకు బుజ్జగింపో నాకు ఇప్పటికీ తేలలేదు.

మా తోట మైదానంలో ఇప్పుడు ఇళ్ళు లేచాయి. పెదనాన్న లేరు. మందిరంలో పాట ఎత్తుకునేవాళ్ళు తగ్గి, పాట మాటలు రాక చప్పట్లు మాత్రం కొట్టే పిల్లలే మిగిలారు. మా మనవరాలూ అంతే, కానీ దాని చప్పట్లకు తాళం తప్పదు. రేపు అది ఏ జట్టు పేరు చెబుతుందో నాకు తెలియదు, ఏది చెప్పాలని కోరుకోవాలో కూడా తెలియదు. ఒకప్పుడు ఆ పచ్చికే కావాలని పేరు పెట్టి అడిగినవాణ్ణి, ఈసారి అలా అడగలేకపోతున్నాను. మట్టయినా, చెక్కయినా, ఆ పిల్ల వంగి తాకినచోట అప్పన్న ఉండాలని, చదివేవాళ్ళు నాతోపాటు ఒక్కసారి చేతులు జోడించండి.