అక్క అందుకోవాల్సిన చోటు

మా బావ లిఫ్టులు బాగుచేస్తాడు. లిఫ్టు పైకి పోతుంటే కింద నిలబడి విని, ఎక్కడ ఏది అరిగిందో చెప్పేస్తాడు. ఆ చెవులకి సంగీతం మాత్రం ఎక్కదు. రేడియోలో పాటొస్తే అది అయిపోయేదాకా ఓపిక పట్టి, తర్వాత వచ్చే వార్తలు వింటాడు.

అలాంటివాడి ఇంట్లో, పోస్టాఫీసు కౌంటర్లో పనిచేసే మా అక్క యాభై రెండో ఏట ఒక బృందగానంలో చేరింది. చుట్టాలు బుగ్గలు నొక్కుకున్నారు. కందకు లేని దురద కత్తిపీటకన్నట్టు, బావకు లేని బాధ వాళ్ళకెందుకో నాకర్థం కాలేదు.

ఆ బృందం నేర్చుకుంటున్నది మూడు వందల ఏళ్ళ నాటి చర్చి గానం. బరోక్ కాలపుదట. ఏసు చివరి రోజుల కథ, మొత్తం మూడు గంటలు. అక్కది ఆల్టో, అంటే ఆడగొంతుల్లో కిందిది. అసలు రాగం పైగొంతులవాళ్ళు పాడుతుంటే వీళ్ళు కింద దన్నుగా ఉంటారు. ఈ సంగతి మాకెవరూ చెప్పలేదు. అక్క ఆరు నెలలు గిన్నెలు తోముతూ తన వరస ఒక్కటే పాడింది. ఒకే స్వరం మీద ఎనిమిది మాటలు, ఒక మెట్టు కిందికి, మళ్ళీ అదే స్వరం. పాటంటే ఇదే కాబోలనుకున్నాం.

"మూడు వందల ఏళ్ళు ఎవరు భరించార్రా దీన్ని?" అన్నాడు బావ నా చెవిలో. అయినా వినీ వినీ ఆయనకే మొత్తం కంఠతా వచ్చేసింది.

చిక్కంతా రెండో భాగంలో ఉంది. అక్కడ ఆల్టోలు తొంభై ఆరు దెబ్బలు తాళం లెక్కపెట్టుకుంటూ నోరు మూసుకునుండి, తొంభై ఏడో దెబ్బకి అందరూ కలిసి అందుకోవాలి. అక్క ఎనభైల్లోనే కంగారుపడి ఒక్కతీ అందుకునేది. రెండు రిహార్సల్స్ అక్కడే ఆగిపోయాయి. పాట నడిపించే మాస్టారు మర్యాదగానే చెప్పారు. "నమ్మకం లేకపోతే అక్కడ నోరు కదపండమ్మా, గొంతు వద్దు."

"ఉత్త నోరు ఆడించడానికా ఆరు నెలలు తిరిగింది?" అని అక్క కళ్ళు తుడుచుకుంది. రెండు రోజులు సరిగా తినలేదు.

అక్క ఏడిస్తే బావకి కాళ్ళూ చేతులూ ఆడవు. "నేను ముందు వరసలో కూర్చుని లెక్కపెడతా. తొంభై ఆరు అవగానే బొటనవేలు లేపుతా. నువ్వు దాన్నే చూడు" అన్నాడు. వారం రోజులు స్పానరుతో బల్ల మీద కొడుతూ సాధన చేశాడు. తను కునుకు తీస్తే గిల్లడానికి నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

కచేరీ రోజు మొదలవగానే అరవై గొంతులు, వయొలిన్లు, ఆర్గన్ ఒక్కసారి లేచాయి. బావ మొహం చిట్లించాడు.

"వీళ్ళంతా ఏంట్రా, మీ అక్క పాటకి అడ్డొస్తున్నారు?"

"అసలు పాట అదేనేమో బావా."

"మరి మీ అక్కది?"

వెనక కూర్చున్నావిడ ఉష్ అంది. బావ చెవులు రిక్కించి ఆ గోలలో అక్క వరస కోసం వెతికాడు. చాలాసేపటికి దొరికింది. అప్పుడు నెమ్మదిగా నా వైపు వంగాడు. "ఒరే, మీ అక్క ఆగిందంటే పైవన్నీ కింద పడతాయిరా." ఆ గొంతులో భయం ఉంది.

రెండో భాగంలో ఆ చోటు వచ్చింది. ఆల్టోలు ఆగారు. బావ వేళ్ళు మోకాలి మీద లెక్క మొదలుపెట్టాయి. పైగొంతులవాళ్ళు సన్నగా ఎత్తుకున్నారు. నలభై దాకా వేళ్ళు కదిలాయి, తర్వాత ఆగిపోయాయి. చూద్దును కదా, బావ నోరు తెరుచుకుని ఉన్నాడు. చెంపల మీద నీళ్ళు కారుతుంటే తుడుచుకోవాలన్న ధ్యాస కూడా లేదు. గిల్లాను. కదల్లేదు. ఇంకా గట్టిగా గిల్లాను. లెక్క ఎక్కడుందో నాకూ తెలీదు. వేదిక మీద అక్క మా వైపే చూస్తోంది. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి.

అక్క నోరు తెరిచింది. పక్కనున్న పదకొండు మందీ అప్పుడే తెరిచారు. వెంట్రుకవాసి తేడా లేదు. మాస్టారు అక్క వైపు చూసి తలూపారు.

అయిపోయాక బయట మెట్ల దగ్గర బావ తల వంచుకుని నిలబడ్డాడు.

"లెక్క మర్చిపోయానే."

"తెలుసు. మీ మొహం చూశాగా."

"మరెలా అందుకున్నావు?"

"ఆరు నెలలుగా ఆ చోట లెక్కే పెట్టాను, ఒక్కసారీ వినలేదు. మీరు ఏడుస్తుంటే, అంత ఏముందా అని విన్నాను. వింటే అదే పిలుస్తుందండీ, ఇక నువ్వు రా అని."

బావ నలుగురిలో అక్క చెయ్యి పట్టుకున్నాడు. ఇరవై ఎనిమిదేళ్ళ కాపురంలో అలా పట్టుకోవడం నేనెప్పుడూ చూడలేదు. నాకు చాలా సంతోషమేసింది.

"నీకెలా అనిపించింది తమ్ముడూ?" అని అడిగింది అక్క. ఆ హాల్లో ఆ చోటు వినకుండా మిగిలిపోయినవాణ్ణి నేనొక్కణ్ణేనని చెప్పడానికి మొహం చెల్లలేదు. రేపటి కచేరీకి టిక్కెట్ దొరుకుతుందా అని అడిగాను.