ఎడమ పక్క సీటు

మా ఆయనకు పేకాట రాదు. సిగరెట్టు ముట్టడు. జీతం తెచ్చి నా చేతిలో పెడతాడు. ఇంత మంచివాడికి ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒక పిచ్చి పట్టుకోక మానదని పెళ్లయిన కొత్తలోనే అనుమానపడ్డాను. పట్టుకుంది. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో ఒక ఆదివారం, అందరం చర్చికి తయారై కూర్చున్న వేళకు, ఒక పాత పికప్పు బండిని ట్రాక్టరుకు కట్టి నల్లపాడులోని మా ఇంటి ముందుకు ఈడ్చుకొచ్చాడు. ముందు నుంచి చూస్తే జీపు, వెనక నుంచి చూస్తే చిన్న లారీ. అద్దాలు లేవు. టైర్లలో గాలి లేదు. ఒళ్లంతా తెల్లటి రాతి పొడి.

"మార్టూరులో గ్రానైట్ పాలిష్ యూనిట్ వెనకాల పడుంది. ఎవరిదో తెలుసా?" అన్నాడు.

"ఎవరిదైతే వాళ్లకి ఇచ్చేసి రండి," అన్నాను.

తీరా చూస్తే అది కామందు బండి. మా మామగారు వయసులో ఉన్నన్నాళ్లూ వాళ్ల ఊరి కామందు దగ్గర డ్రైవరు. మిరపకాయల బస్తాలను గుంటూరు యార్డుకు, పత్తిని మిల్లుకు, కామందును కోర్టు వాయిదాలకు ఈ బండిలోనే తిప్పారట. కామందు పోయాక కొడుకులు దాన్ని అమ్మేశారు. అది చేతులు మారి మారి, చివరికి రాళ్ల మధ్య పడింది. మా ఆయన తలుపు మీద రంగు గీకి చూస్తే, కింద కామందు ఇంటిపేరు అక్షరాలు కనిపించాయట. ఇంకేముంది, దేవుడే చూపించాడన్నాడు. దేవుడికి ఇంకేం పనులు లేవు కాబోలు అనుకున్నాను.

ఆయన కోరిక ఒక్కటే. బండిని మళ్లీ కొత్తగా చెయ్యాలి, వాళ్ల నాన్నను స్టీరింగు ముందు కూర్చోబెట్టి రోడ్డెక్కించాలి. మామగారు అత్తయ్యతో పాటు మా దగ్గరే ఉండేవారు. చప్పుడు విని వరండాలోకి వచ్చి, బండిని ఒక్కసారి చూశారు.

"ఆ దరిద్రాన్ని ఇంటికెందుకు తెచ్చావురా?" అన్నారు.

అని, కుర్చీని గోడ వైపు తిప్పుకుని కూర్చున్నారు. ఆ రోజు నుంచి ఆయన పేపరు చదివినా, కాఫీ తాగినా గోడకు ఎదురుగానే.

"రంగు పడనీ, ఆయనే ఇటు తిరుగుతాడు," అన్నాడు మా ఆయన. జిల్లా ఆఫీసులో ఫైళ్లు చూసుకునే మనిషికి మనుషుల సంగతి అంతకంటే ఏం తెలుస్తుంది?

తర్వాత మా ఇంట్లోకి ఒక మాట వచ్చి చేరింది. ఒరిజినల్. హెడ్‌లైటు ఒరిజినల్ కావాలి. బోల్టు ఒరిజినల్ కావాలి. ఆటోనగర్లో పాత సామాన్ల కొట్లవాళ్లు ఈయన స్కూటరు మలుపు తిరగడం చూసి, నిన్నటి రేకును నేల మీద నాలుగు దొర్లింతలు దొర్లించి 'ఒరిజినల్' అని పక్కన పెట్టేవారని నా నమ్మకం. నా ఇడ్లీ పిండి గిన్నెలో లప్పం కలిపాడు. నా పెళ్లినాటి నేత చీరతో ఇంజను తుడిచాడు. అదేమిటంటే, ఒరిజినల్ నేత గుడ్డ అయితేనే నూనె బాగా పీలుస్తుందన్నాడు.

వరసగా మూడు ఆదివారాలు ఆరాధనకు కనపడకపోయేసరికి పాస్టరు గారే వచ్చారు, గట్టిగా రెండు మాటలు అందామని. కాసేపయ్యాక నేను మజ్జిగ పట్టుకెళితే ఇద్దరి తలలూ బానెట్టు కింద ఉన్నాయి.

గ్యాసు సిలిండరు మోసుకొచ్చినవాడితో సహా, ఇంటికొచ్చిన ప్రతివాడికీ మా ఆయన ఒక కథ చెప్పేవాడు. "నన్ను కనడానికి మా అమ్మ ఆస్పత్రికి వెళ్లింది ఈ బండిలోనే. ఆ రోజుల్లో మా ఊళ్లో అంత రాజభోగం ఎవరికుంది చెప్పండి!" ఈ కథ మొదలైనప్పుడల్లా అత్తయ్య పొయ్యి మీద ఏదో పెట్టినట్టు గబగబా వంటింట్లోకి వెళ్లిపోయేది. పొయ్యి మీద ఏమీ ఉండేది కాదు. సిగ్గుపడుతోందనుకున్నాడు కొడుకు.

తుప్పు వదిలించడానికి ఒక గ్రైండరు అద్దెకు తెచ్చాడు. వెనక తొట్టి అడుగున, రేకుల సందుల్లో, బోల్టుల కింద, కామందు కాలం నాటి మిరప పొడి, గింజలు అట్టకట్టుకుని ఉన్నాయని ఎవరికి తెలుసు? గ్రైండరు పెట్టగానే అదంతా ఒక్కసారిగా లేచింది. కారం మాకో లెక్కా అని ఊరూరా చెప్పుకునే గుంటూరు జనం తలుపులు బిడాయించుకుని లోపల తుమ్మారు. ఎదురింటావిడ తుమ్ముకీ తుమ్ముకీ మధ్య మా వంశాన్నంతా తిట్టింది.

"ఈ కారం కూడా ఒరిజినలేగా, సీసాలో పోసి దాచమంటారా?" అని అడిగాను. ఆయన ముక్కు తుడుచుకోవడంలో ఉన్నాడు. గోడకు ఎదురుగా ఉన్న మామగారు మాత్రం ఒక్క తుమ్మూ తుమ్మలేదు.

ఇక రంగు. మా వీధి చివర జిన్నింగు మిల్లు ఉంది. పత్తి సీజను వచ్చిందంటే దండెం మీద ఆరేసిన లంగాలకు కూడా నూగు మొలుస్తుంది. మిల్లు తిరుగుతుండగా మా వీధిలో ఎవరూ వడియాలు పెట్టరు. మా ఆయన మాత్రం ఆదివారం మిల్లుకు సెలవని లెక్కవేసుకుని, కంప్రెసరు తెచ్చుకుని, మీగడ రంగు స్ప్రే చేశాడు. సీజనులో మిల్లుకు ఆదివారం ఉండదని మా వీధి కుక్కలకు కూడా తెలుసు. మధ్యాహ్నం గాలి మళ్లింది. సాయంత్రానికి బండి మీద దూది నూగు బెత్తెడు మందాన అతుక్కుని, గొర్రెపిల్లలా నిలబడింది.

అత్తయ్య దగ్గరకెళ్లి బానెట్టును నిమిరి చూసింది.

"ఏందిరా, ఉన్ని కోసం పెంచుతున్నావా దీన్ని?" అంది.

ఆ రంగంతా వాటర్ పేపరుతో రుద్ది తీసి, సీజను అయిపోయేదాకా ఆగి, ఎండాకాలంలో మళ్లీ వేశాడు. ఈసారి బాగా కుదిరింది. ఒప్పుకోక తప్పదు, బండి నిగనిగలాడింది. అంతటితో ఆగితే ఆయన మా ఆయన ఎందుకవుతాడు? మొదట్లోనే తలుపు మీది పాత అక్షరాలను కాగితం మీదకు దించి పెట్టుకున్నాడట. ఒరిజినల్ కదా! ఎడమ తలుపు మీద కామందు ఇంటిపేరును ఎర్ర రంగుతో, ఉన్నది ఉన్నట్టు, తోకలతో సహా రాశాడు. రాసి, వరండాలోకి వచ్చి, "నాన్నా, ఒక్కసారి ఇటు చూడు," అన్నాడు. ఆ గొంతు విని నేను కూడా ఎగతాళి మానేశాను.

మామగారు లేచారు. నెమ్మదిగా మెట్లు దిగి, బండి చుట్టూ తిరిగి, ఎడమ తలుపు దగ్గర ఆగారు. అక్షరాలు చదివారు. భుజం మీది తువ్వాలు తీసి వాటిని తుడిచారు. అవి తుడిస్తే పోయేవి కావు. ఆయనకూ తెలుసు.

"పొద్దున్నే లేచి ఈ పేరు తుడిచేవాణ్ణి," అన్నారు. "మళ్లీ రాశావా?"

"ఎట్టా ఉండేదో అట్టాగే ఉండాలని, నాన్నా. అమ్మ కూడా ఈ బండిలోనే కదా…"

"అమ్మ యాడ కూర్చుందో నీకెప్పుడన్నా చెప్పానా?"

మా ఆయన వంటింటి వైపు చూశాడు.

"కామందు ఊళ్లో లేడారోజు. ఈ ఎడమ పక్క సీటు ఖాళీ. ఆయన సీటు అది. ఆయన లేకపోయినా మనం కూర్చోకూడదు. నొప్పులు పడతందండీ, ముందు కూర్చోబెడతానండీ అని కామందు ఇంట్లో పెద్దమ్మగారిని అడిగా. యార్డుకు ఎట్టాగూ పోతన్నావుగా, వెనక ఎక్కించుకుపోరా అంది. మిరపకాయ బస్తాల మీద గోనె పరిచి పడుకోబెట్టా. గుంటూరు దాకా తుమ్ముతానే ఉంది. తుమ్మినప్పుడల్లా అరిచేది. నేను అద్దంలో చూస్తా, పక్కన ఖాళీ సీటు చూస్తా బండి తోలా. రాజభోగమంట!"

చెప్పేసి కుర్చీలోకి వెళ్లిపోయారు. వంటింట్లో గిన్నె కింద పడిన చప్పుడైంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఎప్పుడో చచ్చిపోయిన కామందు మీద, ఎన్నడూ చూడని ఆ పెద్దమ్మగారి మీద, ఎర్ర రంగు కుంచె పట్టుకుని దిమ్మెరపోయిన మా ఆయన మీద కూడా.

మర్నాడు ఆయన ఆఫీసుకు సెలవు పెట్టాడు. పొద్దుటి నుంచీ ఆ తలుపు పక్కన కూర్చుని అక్షరాలను రుద్దుతూనే ఉన్నాడు. వాటి మీద మళ్లీ వేసిన మీగడ రంగు పాత రంగులో కలవలేదు. తలుపు మీద మచ్చ మిగిలింది. ఒరిజినల్ అన్న మాట మళ్లీ ఆయన నోట నేను వినలేదు.

ఆ తర్వాతి ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు గారు బండి మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. ఎదురింటావిడ, తుమ్ములన్నీ క్షమించి, ఎందుకైనా మంచిదని టైర్ల కింద నిమ్మకాయలు పెట్టింది. పాస్టరు గారు ఆకాశం కేసి చూశారు. మామగారు వస్తారో రారో మాకెవరికీ తెలియదు. అడిగే ధైర్యం కూడా లేదు.

వచ్చారు. ఇస్త్రీ చొక్కా, భుజాన తువ్వాలు. స్టీరింగు వైపు వెళ్లలేదు. ఎడమ తలుపు తెరిచి, సీటంతా తువ్వాలుతో శుభ్రంగా తుడిచి, తలుపు పట్టుకుని పక్కకు నిలబడ్డారు.

"ఏమే, రా," అని పిలిచారు.

అత్తయ్య కొంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "నేను వెనక ఎక్కుతాలే," అంది.

"వెనక పిల్లలు ఎక్కుతారు. నువ్వు ఇక్కడెక్కు."

ఎక్కింది. ఆయన తలుపు మెల్లగా వేసి, బానెట్టు ముందు నుంచి తిరిగి వచ్చి స్టీరింగు పట్టుకున్నారు. ముందు ఉన్నవి రెండే సీట్లు. నేనూ మా ఆయనా తొట్టిలోకి ఎక్కి కడ్డీ పట్టుకుని నిలబడ్డాం. అత్తయ్య చీర సర్దుకుంది. మోచెయ్యి కిటికీలోంచి బయటకు పెట్టింది, సరిగ్గా ఆ మచ్చకు పైన.

"ఏం డ్రైవరూ, ఇంకెంతసేపు? పోనీ," అంది.

"చిత్తం అమ్మగారూ," అని మామగారు గేరు వేశారు.

బండి కుదుపుతో కదిలింది. గ్రైండరుకు అందని సందుల్లోంచి పాత కారం లేచింది. మా ఆయన తుమ్మడం మొదలుపెట్టి పెద్ద రోడ్డు ఎక్కేదాకా తుమ్ముతూనే ఉన్నాడు. అత్తయ్య ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.