స్టెంటుకు ముందు మూడు రోజుల ఉపవాసం

రామచంద్రపురంలో ఆరింటి బస్సు ఎక్కేటప్పుడు మావారి కుడిచెయ్యి బాగానే ఉంది. దేవునికి స్తోత్రం అనుకున్నాను. అంతకుముందు నెలలో రెండుసార్లు ఆ చెయ్యి పట్టు తప్పి గ్లాసు జారింది. మాట కూడా కాసేపు తడబడి, మళ్ళీ వచ్చింది. రాజమండ్రి డాక్టరుగారు స్కానింగు చూసి, మెదడుకు రక్తం వెళ్ళే నాళం ఒకటి బాగా సన్నబడిందన్నారు. హైదరాబాదు వెళ్ళి అందులో స్టెంటు అనే సన్నటి జాలీ గొట్టం పెట్టించుకోమని, అప్పటిదాకా మానకుండా వేసుకోమని రక్తం గడ్డకట్టనివ్వని మాత్రలు రెండు రకాలు రాశారు.

రాజమండ్రిలో పగటి రైలు ఎక్కాం. నిడదవోలులో ఎక్కిన తణుకు పెద్దావిడ మా ఎదురుగా కూర్చుంది. ఇడ్లీల డబ్బా విప్పుతూ మా సంగతి చెప్పాను.

"మా తమ్ముడికి గుండెలో వేశారమ్మా. మాత్ర ఒక్క పూట మానినా ప్రాణం మీదికొస్తుందన్నారు. మీవారు వేసుకుంటున్నారా?"

మావారు నవ్వారు. "నిన్నటిదాకా మూడు రోజులు సంఘమంతా నా కోసం ఉపవాస ప్రార్థనలో కూర్చుందండి. నేనొక్కణ్ణీ మాత్రలు మింగుతూ కూర్చోనా? మంచినీళ్ళే తాగాను."

"బావుందండోయ్! మాత్ర మింగితే మీ దేవుడు అలుగుతాడా?"

నా చేతిలో ఇడ్లీ అలాగే ఉండిపోయింది. మాత్రలు ఆయన జేబులోనే ఉంటాయి, ఆయనే వేసుకుంటారు. మా సంఘంలో ఉపవాసమంటే నోట్లో ఏమీ పడకూడదు. మందు సంగతి ఎవరూ అడగరు. అప్పటికప్పుడు తీయించి మింగించాను.

సాయంత్రం సికింద్రాబాదులో దిగి, ఆసుపత్రి ఎదురు లాడ్జిలో మెట్లెక్కక్కర్లేని గది తీసుకున్నాం. పొద్దున్నే డాక్టరుగారికి ఉన్నదున్నట్టు చెప్పాను.

"మందు ఒంటికి పట్టకుండా స్టెంటు పెడితే, అందులోనే రక్తం గడ్డ కడుతుందమ్మా. కొన్ని రోజులు ఆగాలి. దగ్గరలోనే ఉండండి."

ఆగాం. పక్క మెస్సులో కారం లేకుండా పప్పన్నం పెట్టేవారు, వాళ్ళు చల్లగా ఉండాలి. మూడో రోజు ఉదయం చొక్కా తొడుక్కుంటూ మావారు ప్రార్థన పాట ఎత్తుకున్నారు. రెండో చరణంలో గొంతు ఆగింది. తిరిగి చూసేసరికి మంచం అంచున కుడిపక్కకు ఒరిగిపోయి ఉన్నారు.

ప్రాణం దక్కింది. కుడిచెయ్యీ, మాటా పోయాయి. కాస్త తేరుకున్నాక స్టెంటు పెట్టారు. "పోయింది తేవడానికి కాదమ్మా, ఇంకోటి రాకుండా" అని ముందే చెప్పారు డాక్టరుగారు.

తిరుగు రైలు కూడా పగటిదే, కింద బెర్తు దొరికింది. ఏలూరులో ఎక్కినాయన "ఏ ఊరు మాస్టారూ?" అని మావారిని పలకరించారు. ఈయన నోరు తెరిచారు, శబ్దమే వచ్చింది. నేను చెప్పాను.

కొవ్వూరు వస్తుండగా మా పాస్టరమ్మగారు ఫోను చేశారు. "శుక్రవారం మీ ఇంట్లోనే ఉపవాస కూడిక పెడదాం సుగుణమ్మా."

"పెట్టండమ్మగారూ. ఈయన మాత్రం అన్నం తిని, మాత్ర వేసుకుని కూర్చుంటారు."

"అలాగేనమ్మా" అన్నారావిడ. స్టెంటు కోసం ఈ దారిన వెళ్ళేవాళ్ళెవరైనా ఉంటే, ఉపవాసంలో కూడా మీరు మాత్ర మానకండి.

రైలు గోదావరి బ్రిడ్జి ఎక్కింది. ఎప్పుడైనా సరే, ఇక్కడికి రాగానే ఆయన పాట ఎత్తుకునేవారు. ఇప్పుడు నీళ్ళవైపు చూస్తూ, మాత్ర కోసం ఎడమచెయ్యి చాపారు. అరచేతిలో పెట్టి, ప్రాణం మిగిల్చినందుకు స్తోత్రం చెప్పుకున్నాను. మాట కూడా ఇమ్మని అడగడానికి నాకు నోరు రాలేదు.