ఇంజనీరింగు క్లబ్బుకు ఒకే ఒక సభ్యురాలు

ఆ కాలంలో మా వైపు ఏ పని చేయాలన్నా ముందు ఒక సంఘం పెట్టేవాళ్లం. సంఘం పెట్టగానే పదవులు పంచుకునేవాళ్లం. అవి పంచుకునేసరికే అలసిపోయి అసలు పని మర్చిపోయేవాళ్లం. ప్రత్యేక రాష్ట్రం కావాలన్న పెద్ద ఉద్యమం వచ్చి చల్లారి నాలుగైదేళ్లయినా ఆ గాలి ఇంకా పోలేదు; పదో తరగతి పిల్లలకు కూడా నలుగురి ముందు నిలబడి మాట్లాడితే తప్ప అన్నం సయించేది కాదు. అందుకే నర్మెట్ట దారిలోని మా హైస్కూలుకు కొత్తగా వచ్చిన సైన్సు సారు, బడిలో ఇంజనీరింగు క్లబ్బు పెడదామనగానే, ఇంజనీరింగంటే ఏమిటని మాలో ఒక్కరూ అడగలేదు. అధ్యక్షుడెవరని అడిగాం.

నేనే అధ్యక్షుణ్ని. మా నాయిన పోస్టుమాస్టరు కావడంతో ఊరందరి ఉత్తరాలూ చదివీ చదివీ నాకు పుస్తకాల తెలుగు అబ్బింది (ఆ పాపం సంగతి ఇప్పుడొద్దు). బోర్డు రాయడానికి నూనె డబ్బా రేకు తెచ్చినందుకు శేటు కొడుకు ఉపాధ్యక్షుడు. క్లబ్బులో చేరిన మిగతా ముగ్గురు మగపిల్లలూ కార్యదర్శి, సహాయ కార్యదర్శి, ప్రచార కార్యదర్శి. అప్పుడు సారు రిజిస్టరు తిరగేసి, మరి సభ్యులెవర్రా అన్నాడు. మేం వెనక్కి తిరిగి చూస్తే ఆడపిల్లల వరసలో ఒక్క చెయ్యి లేచి ఉంది. అది మోటార్లోళ్ల పిల్లది. వాళ్ల నాయినకు జనగామ రోడ్డు మీద కాలిపోయిన మోటార్లకు వైండింగు చేసే దుకాణం ఉండేది. మేం గోలీలాడుకునే వయసులోనే ఆ పిల్ల రాగి తీగ చుట్లు లెక్కపెట్టడం నేర్చుకుంది. మొత్తం క్లబ్బులో పానా పట్టుకోవడం తెలిసినది ఆమె ఒక్కతే. అందుకని ఆమెకు ఏ పదవీ ఇవ్వలేదు.

బడి బావి మీద మోటారు కాలిపోయి రెండేళ్లయింది. త్వరలో స్కూళ్ల ఇన్‌స్పెక్టర్ సాబ్ వస్తున్నాడని, ఆయనకు ఇట్లాంటి పనులంటే ప్రాణమని, మోటారు నడిపించిన పిల్లలకు డిప్లొమా చదువుకు సిఫారసు చిట్టీ రాసిస్తానన్నాడని సారు చెప్పాడు. మాకు ఆ చిట్టీ మోజు, మోటార్లోళ్ల పిల్లకు మాత్రం అదే దిక్కు. పదో తరగతితో చదువు మాన్పించాలని వాళ్లింట్లో అప్పటికే అనుకున్నారు. సారు బతిమాలడానికి పోతే వాళ్ల నాయిన తల కూడా ఎత్తకుండా ఒక్కటే మాటన్నాడు. "పెద్దసారు చిట్టి రాస్తె పంపుత. లేకుంటె గీ దుకాణంలనె కూసుంటది."

ఇరవై రోజులు ఆ పిల్ల బడి వదలగానే దుకాణానికి పోయి బడి మోటారు చుట్టింది. పదాధికారులం ఐదుగురం రోజూ పోయి పర్యవేక్షించాం. అంటే వాళ్లమ్మ పెట్టిన పల్లీలు తిని, పని ఎంతదాకా వచ్చిందని అడిగి, ఇంకా తొందరగా కావాలని చెప్పి వచ్చేవాళ్లం. నేను ఇంటికి పోయి ఉపన్యాసం రాసుకునేవాణ్ని.

ఆ రోజు రానే వచ్చింది. మోటారుకు పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ సిద్ధం చేశాం. అయితే బావిలో పైపు కొసనున్న వాల్వు పాతదై కారుతోంది, ఎన్ని నీళ్లు పోసినా నిలవట్లేదు. నీళ్లు నిలవకపోతే మోటారు తిరిగినా చుక్క రాదు. మా దిక్కు రైతులు దానికి ఒకటే మందు వాడతారు: పశువుల పెండ కలిపిన నీళ్లు పోస్తే సందులన్నీ మూసుకుంటాయి. అధ్యక్షుడు పెండ ముట్టడు కదా, ఆ పిల్లే రెండు బొక్కెనలు కలిపి పోసింది. పోసి, మోచేతులదాకా పెండతో నా దగ్గరికొచ్చి మెల్లగా చెప్పింది. "ఫస్టు అంత పెండనీళ్లే వస్తయి. పైపు ముంగట ఎవల్నీ నిలవడనియ్యకు." సరే సరే, నువ్వు పోయి వరసలో నిలబడు అన్నాను. నా ఉపన్యాసంలో పెండ అనే మాటకు చోటు లేదు.

కొత్త మోటారు పోసే తొలి నీళ్లు దోసిట్లో పట్టి నెత్తిన చల్లుకోవడం మా దగ్గర ఆనవాయితీ. ఇన్‌స్పెక్టర్ సాబ్ ఆనవాయితీ తప్పని మనిషి. తెల్ల చొక్కా చేతులు మడిచి, కళ్లు మూసుకుని, పైపు ముందు దోసిలి పట్టాడు. శేటు కొడుకు స్విచ్చి వేశాడు.

అంత పచ్చని ఇన్‌స్పెక్టరును జిల్లాలో ఎవరూ చూసి ఉండరు. మీసాల మీద గడ్డి పరకలు కూడా ఉన్నాయి. ఎవరు పోశారిది అని ఆయన అడగగానే పదాధికారులం ఐదుగురం ఒకేసారి మోటార్లోళ్ల పిల్ల వైపు వేలు చూపించాం. మా క్లబ్బు చరిత్రలో ఏకగ్రీవంగా జరిగిన పని అదొక్కటే.

ఈలోగా నీళ్లు తేటపడి దబదబా దూకసాగాయి. ఆయన అక్కడే ముఖం కడుక్కున్నాడు. చల్లని నీళ్లకు కోపం దిగింది. మోటారు చుట్టిందెవరని నెమ్మదిగా అడిగాడు. "మా క్లబ్బు చుట్టింది సార్. నేను అధ్యక్షుణ్ని" అన్నాను. అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు, చూసుకోండి. సైన్సు సారు నోరు తెరిచాడు గాని, పెండ సంగతి మళ్లీ లేస్తుందని భయపడి మూసుకున్నాడు. ఆ పిల్ల నన్నొకసారి చూసి, చేతులు కడుక్కోవడానికి పోయింది. ఆయన చాయ తాగి జీపెక్కేసరికి అరగంట పట్టింది. ఆ అరగంటలో నిజం చెప్పాలంటే ఎన్నిసార్లయినా చెప్పొచ్చు. చెప్పలేదు. చిట్టీ నా పేరు మీద వచ్చింది.

ఆ చిట్టీతో చదివి, కరెంటు డిపార్టుమెంటులో చేరి, కొన్నేళ్లకు మహబూబాబాద్ వచ్చాను. వోల్టేజీ చాలక మోటార్లు కాలిపోతున్నాయని రైతులు రోజూ తిట్టేవాళ్లు. మా ఇంటి మోటారు కూడా కాలింది (దేవుడున్నాడు). స్టేషన్ దగ్గర ఒక అక్క వైండింగు బాగా చేస్తుందని చెబితే పోయాను. ఆమె తలెత్తి, "ఏం అధ్యక్షా, మంచిగున్నవా?" అంది. పెళ్లయి ఈ ఊరికే వచ్చిందట. తీగ కొస నా చేతికిచ్చి బిగించి పట్టుకోమంది. పట్టుకున్నాను. పది చుట్లయ్యాక, ఆ రోజు నేను నీ పేరు చెప్పాల్సిందన్నాను.

ఆమె చుట్లు లెక్కపెడుతూనే, "చెప్పినవ్ గద" అంది. "పెండ పోసింది ఆమెనే అని చెప్పినవ్."

మాటలో కోపం లేదు, అదే నాకు కష్టమైంది. తీగ వదులైందని మాత్రం కసిరింది, మళ్లీ బిగించాను. అధ్యక్షుడిగా ఉన్నన్నాళ్లూ ముట్టని పని అది; సభ్యుణ్ని కావడానికి నాకు ఇన్నేళ్లు పట్టిందని అప్పుడు నవ్వొచ్చింది. ఇంటికొచ్చాక గోడ మీద ఫ్రేములో ఉన్న డిప్లొమా కనిపించింది. దాని మీద నా పేరే ఉంది.