పెళ్ళింట్లో కూర్చున్న నాగత్త

ఇక్కడ రాసేది అక్షరం అక్షరం నిజమని, మా చేలో ఎండిపోయిన బోర్ల మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను. సోమందేపల్లెలో నన్ను ఎరిగినవాళ్ళు ఈ మాట చదవగానే నవ్వుతారని తెలుసు. మోటార్లు రిపేరు చేసే నా అంగడికి వచ్చేవాళ్ళలో సగం మంది, మోటారు బాగయ్యేలోపు నేను కోసే కోతల కోసమే వస్తారు. బోరులోంచి నీళ్ళకు బదులు వేడిగాలి వస్తే దాని మీద టీ కాచుకున్న కథ ఈ మండలంలో వినని మనిషి లేడు. అవి వేరు. ఇది మా నాగత్త సంగతి. ఆమె గురించి చెప్పేటప్పుడు నా నాలుక అంత సులభంగా మెలికలు తిరగదు.

మొన్న శుక్రవారం సాయంత్రం హైవే పక్కన టీ బంకు దగ్గర నిలబడ్డాను. బంకు కట్టేసే వేళ అయిందేమో, బంకతను పొద్దున్నుంచి మండిన బొగ్గుల మీద చెంబెడు నీళ్ళు కుమ్మరించాడు. చుయ్యిమని పొగ లేచింది. తడిసిన బూడిద వాసన ముక్కుకు తగిలింది. నా చేతిలో గ్లాసు చేతిలోనే ఉండిపోయింది. "ఏమన్నా, టీలో ఏమన్నా పడిందా?" అని అతను అడిగాడు. ఏమీ పడలేదప్పా, మా అత్త గుర్తొచ్చింది అన్నాను. అతను నన్ను ఎగాదిగా చూసి, ఇంకో కథ మొదలవుతుందేమోనని గబగబా షట్టర్ దించుకున్నాడు.

నాగత్త మా నాయనకు సొంత అక్క. బెళుగుప్ప దగ్గర మా ఊరు. ఆమెను ఇచ్చింది తనకల్లు వైపు ఒక మెట్టసేద్యం ఇంటికి. మా చుట్టాల్లో గుడికి పోయేవాళ్ళున్నారు, ఆదివారం చర్చికి పోయేవాళ్ళున్నారు. ఒకే పందిట్లో అందరూ కలిసి భోంచేస్తారు కాబట్టి ఎవరూ పెద్దగా పట్టించుకోరు. నాగత్త అత్తగారిల్లు మాత్రం మూడో రకం. వాళ్ళు శనివారం పాటిస్తారు. శుక్రవారం పొద్దు గుంకినప్పటి నుంచి శనివారం పొద్దు గుంకేదాకా పొయ్యి వెలిగించరు, చేనికి పోరు, అంగడిలో ఏదీ కొనరు. విశ్రాంతి దినం అంటారు. పెళ్ళయ్యాక అక్కడి వాళ్ళు ఆమెకు నవోమి అని పేరు పెట్టారు. మా నాయన ఆ పేరుతో ఒక్కసారీ పిలవలేదు. ఆమె కూడా అడగలేదు. నాగక్కా అంటే పలికింది, నవోమీ అన్నా పలికింది.

చిన్నప్పుడు ఎండాకాలం సెలవుల్లో నన్ను తనకల్లుకు పంపేవాళ్ళు. శుక్రవారం వచ్చిందంటే ఆ ఇల్లు పరీక్షల ముందు బడిలా ఉండేది. రెండు పూటలకు సరిపడా సంగటి, పప్పు, చింతపండు పులుసు, అన్నీ పొద్దుండగానే అయిపోవాలి. చివర్న అత్త పొయ్యిలోని కొరివి బయటికి లాగి నీళ్ళు చల్లేది. ఆ చుయ్యిమనే చప్పుడు అయ్యాక ఇంట్లో ఎవరి గొంతూ పైకి లేచేది కాదు. మామ ఎద్దులు కూడా శనివారం పాటించేవి. నవ్వకండి, ప్రమాణం చేశాను కదా. ఒక శనివారం పక్క చేని రైతు మామకు చెప్పకుండా వాటిని తోలుకుపోయి దున్నడానికి మడక కట్టాడు. రెండూ చేను నడుమ ముందరి కాళ్ళు మడిచి కూర్చున్నాయి. కొట్టినా లేవలేదు, తోక మెలేసినా లేవలేదు. పొద్దు గుంకగానే వాటంతట అవే లేచి మడకను ఈడ్చుకుంటూ ఇంటికి వచ్చాయి.

శనివారం ప్రార్థన నుంచి వచ్చాక చేయడానికి ఏమీ ఉండదు. అందుకని అత్త చాప పరుచుకుని కథలు చెప్పేది. నలభై దినాలు లోకమంతా మునిగేంత వాన పడి, జంతువులన్నీ జతలు జతలుగా ఓడ ఎక్కిన కథ అక్కడే విన్నాను. సింహమూ మేకా ఒకే ఓడలో ఉన్నాయంటే నేను ఏమాత్రం అనుమానించలేదు కానీ, అంత వాన మాత్రం నమ్మలేకపోయాను.

"అన్ని దినాలు యాడన్నా వాన పడతాదా అత్తా? మావూర్లో మబ్బు పట్టేదే రెండు దినాలు," అన్నాను.

"నీకు నమ్మకం కుదరాల్నంటే ఏం జేయాలిరా?"

"కొంచెం తగ్గించు."

అత్త బుగ్గన వేలేసుకుని ఆలోచించి, "సరే, కదిరి దాకా మునిగింది అనుకో. అనంతపురం ఎండింది," అంది. నాకు అప్పుడు కుదిరింది. కథ చెప్పేవాడు వినేవాడి మొహం చూసి చెప్పాలని నాకు తెలిసింది ఆ చాప మీదే. ఈ రోజు నా అంగడి నడుస్తున్నదంటే సగం పుణ్యం ఆమెది.

ఇక మా అక్క సుజాత పెళ్ళి. అప్పటికి నేను పెద్దవాణ్ణే, మీసాలు వచ్చాయి. ముహూర్తం ఆదివారం తెల్లవారుజామున కుదిరింది. అంటే పెళ్ళిపనంతా శనివారమే. పందిరి, పిండివంటలు, మగపెళ్ళివాళ్ళ రాక, అక్కను పెళ్ళికూతుర్ని చేయడం, అన్నీ ఆ ఒక్క పగలే. తేదీ చెప్పడానికి నాయన నన్ను వెంటబెట్టుకుని తనకల్లు పోయాడు. అత్త సంతోషంగా విన్నది. అంతా విని, "శుక్రవారం పొద్దు గుంకేలోపల ఎంత పనైనా చేస్తా. మల్లా శనివారం పొద్దు గుంకినాంక లేస్తా. నడుమ మాత్రం నన్ను అడగద్దు రా," అంది.

"నడుమనే గదక్కా పెండ్లి పనంతా ఉండేది!" అన్నాడు నాయన. "మేనత్తవై ఉండి ఓళిగ తట్టకుండా ఊరికే కూచుంటే ఊర్లో వాళ్ళు ఏమనుకుంటారు?"

"కూచుండాది అనుకుంటారు."

నాకు నవ్వు ఆగలేదు. నాయనకు అదే ఎక్కడో తగిలింది. తల్లి పోయాక ఆయన్ను సాకింది ఈ అక్కే. ఆమె చేతి పని లేకుండా తన ఇంట్లో మొదటి పెళ్ళి జరగడం ఆయనకు మింగుడు పడలేదు. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని లేచాడు. "పని చేసేటట్టుంటే రా. ల్యాకుంటే రావద్దు," అన్నాడు.

అవతల అత్తకు ఇంకో చిక్కు. వాళ్ళ సంఘం పెద్దాయన, "విశ్రాంతి దినాన ప్రార్థన మానుకుని పెండ్లింటికి పోతావామ్మా? ఆడ మేళాలు, పూజలు ఉంటాయి కదా," అన్నాడట. "దేవుడు మా తమ్మునింటికి రాడా అయ్యగారూ? నేను పోతే నా వెంట వస్తాడులే," అన్నదట ఈమె. ఆయన ఒప్పుకోలేదు, తిట్టనూ లేదు. ఇటు తమ్ముడు రావద్దన్నాడు, అటు సంఘం పోవద్దన్నది. మా అమ్మ మాత్రం దేవుడి పటం ముందు దీపం పెట్టినప్పుడల్లా, నాగక్క రాకుంటే ఈ అక్కాతమ్ముళ్ళు జన్మలో మాట్లాడుకోరు, ఎట్లైనా తీసుకురా స్వామీ అని మొక్కుకునేది.

శుక్రవారం పొద్దున మొదటి బస్సుకే అత్త దిగింది. నెత్తిన పిండి మూట, చేతిలో సొంత అట్లకాడ. నాయన చూసీ చూడనట్టు పందిరి గుంజల దగ్గరికి పోయాడు. "రావద్దన్నాడు గదా అత్తా, ఎట్లొచ్చినావు?" అని గుసగుసగా అడిగాను.

"పని చేయకుంటే రావద్దన్న్యాడు. ఈ పొద్దు చేస్తా, రేపు పొద్దు గుంకినాంక చేస్తా. ఇంకేం కావాలంట మీ నాయనకు?"

ఆ పగలంతా ఆమె పనిచేసిన తీరు చూసి మా ఊరి ఆడవాళ్ళు నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడ్డారు. పప్పు ఉడికించింది, ఓళిగలకు పూర్ణం రుబ్బింది, లడ్లు చుట్టింది, మసాలాలు దంచింది. పొద్దు కొండ మీదికి వాలగానే తన పొయ్యి మీద నీళ్ళు చల్లి, చేతులు కడుక్కుని, వసారాలో స్తంభం పక్కన చాప వేసుకుని కూర్చుంది. అంతే. మిగతా పొయ్యిలు మండుతూనే ఉన్నాయి.

శనివారం ఇల్లంతా పరుగు. నీళ్ళ ట్యాంకరు రాలేదు. పందిరివాడు సగం కట్టి ఎటో పోయాడు. నాయన తలకు తువ్వాలు చుట్టి అరుస్తూ తిరుగుతున్నాడు. అంత గోలలో కదలకుండా ఉన్న మనిషి నాగత్త ఒక్కతే. మొదట్లో ఆడవాళ్ళు పోతూ వస్తూ ఎకసెక్కాలాడారు. "ఏమ్మా నాగమ్మా, మహారాణి మాదిరి కూచుంటివే!" అంటే, "నువ్వూ రా, ఇంకో మహారాణికి సందుండాది," అనేది.

అన్నట్టుగానే ఒకామె వచ్చి కూర్చుంది, కాళ్ళు లాగుతున్నాయని. తర్వాత మా అమ్మ వచ్చి, చెంబులో నీళ్ళు తాగే నెపంతో చాలాసేపు ఉండిపోయింది. మగపెళ్ళివారి పెద్దావిడ విడిదిలో ఫ్యాను తిరగడం లేదని తగాదాకు వచ్చి, అత్త పక్కన కూర్చుని, చనిపోయిన తన చెల్లెలి గురించి చెప్పుకుని, కళ్ళు తుడుచుకుని పోయింది. ఫ్యాను సంగతి మళ్ళీ ఎత్తలేదు. ఆఖరికి పసుపు మొహంతో మా అక్కే వచ్చి ఆమె ఒడిలో తల పెట్టుకుంది. "భయమైతాంది అత్తా. ఆ ఇంట్లో ఎవురూ తెలీదు నాకు," అన్నది. పెళ్ళి కుదిరినప్పటి నుంచి ఆ మాట అక్క ఎవరితోనూ అనలేదు. అనడానికి ఆగి వినే మనిషి ఇంట్లో ఎవరున్నారు? "నాకూ తెలీదు పాపా తనకల్లు పోయినప్పుడు. మొదటి వారం ఎద్దులతోనే మాట్లాడినా," అంది అత్త. అక్క ఏడుస్తూనే నవ్వింది.

పొద్దు వాలాక నాయన వసారాలోకి వచ్చాడు. అక్కడ గుమిగూడిన వాళ్ళను చూసి ఒళ్ళు మండింది. "అందరూ ఈడ కూచుంటే పని ఎవురు చేస్తారు?" అని గద్దించాడు. అందరూ లేచి చెదిరిపోయారు. అత్త లేవలేదు.

"కూచోరా," అంది.

"పనుండాది."

"తెలుసులే. కూచో."

నాయన నిలబడ్డాడు. నేను తలుపు చాటు నుంచి చూస్తున్నాను. తర్వాత ఆయన మెల్లగా చాప చివర కూర్చుని, తల తువ్వాలు విప్పి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. "నిన్ను రావద్దంటిని. నా నోరు అట్లాంటిది అక్కా," అన్నాడు. "వచ్చినా గదా," అంది అత్త. "ఎందుకు పరిగెత్తుతాండానో తెల్సా? నిలబడితే పాప పోతాదని గుర్తొస్తాది," అన్నాడు నాయన.

పొద్దు గుంకగానే అత్త లేచి కొంగు బిగించింది. ఇక ఆమె ఓళిగలు తట్టిన వేగం చెబితే నా ప్రమాణం మీద మీకు నమ్మకం పోతుంది, చెప్పను. ముహూర్తం వేళకు మేనత్త స్థానంలో అక్క వెనకే నిలబడింది. అందరూ అక్షింతలు వేస్తే ఆమె కళ్ళు మూసుకుని తనదేదో ప్రార్థన చేసుకుని గుప్పెడు మల్లెపూలు వేసింది. ఎవరూ ఏమీ అనలేదు. మా నాయన ఆ తర్వాత బతికినన్నాళ్ళూ, ఇంట్లో ఏ శుభకార్యం పెట్టుకున్నా శుక్రవారం నాడే జీపు పంపించి అక్కను పిలిపించుకునేవాడు. పనికి కాదు, వసారాలో చాప పరచడానికి.

ఇప్పుడు ప్రమాణం సంగతి. ఎద్దుల కథలో అబద్ధం ఉందని మీరు వెతుకుతుంటారు. ఆ ఎద్దులు నిజంగానే కూర్చున్నాయి, తనకల్లు వైపు పెద్దవాళ్ళను అడగండి. నేను కల్పించింది చాప మీద నాయన అన్న మాటలు. ఆ రోజు అక్కడ కూర్చున్నాక ఆయన ఒక్క మాట కూడా అనలేదు. వచ్చాడు, చాప మీద కూర్చున్నాడు, స్తంభానికి తల ఆనించాడు, కూర్చున్నవాడు కూర్చున్నట్టే నిద్రపోయాడు. నోరు తెరుచుకుని గురక కూడా పెట్టాడు. ట్యాంకరు వచ్చింది, లేపబోతే అత్త చేత్తోనే ఆగమని సైగ చేసి, విసనకర్ర తీసుకుని పొద్దు గుంకేదాకా ఆయనకు విసురుతూ కూర్చుంది. "ఇది పని కాదా అత్తా?" అని ఆటపట్టించాను. "తమ్మునికి గాలి విసిరేదాన్ని పనంటార్రా ఎవురన్నా?" అంది.

నిలబడితే పాప పోతుందని గుర్తొస్తుందన్న మాట నాది. పోయినేడు మా పాప పెళ్ళిలో, పొద్దున్నుంచి పరిగెత్తి పరిగెత్తి, షామియానా కింద ఒక్క క్షణం ఆగినప్పుడు నా నోట్లోకి వచ్చిన మాట అది. నాగత్త లేదు, నాయన లేడు. ఎక్కడన్నా ఒక మనిషి ఊరికే కూర్చుని ఉంటే పోయి పక్కన కూలబడదామని నాలుగు వైపులా చూశాను. అందరూ పరుగులోనే ఉన్నారు. సరేలెమ్మని ఒక చాప తెచ్చి నేనే పరుచుకుని కూర్చున్నాను. కాసేపటికి సుజాతక్క వచ్చి, ఏమీ అడగకుండా, నా పక్కన కూర్చుంది.