కవరు విప్పని రిమోటు

ఆరో తరగతి మూడేళ్లు చదివాను. మూడార్లు పద్దెనిమిది కాబట్టి నాది కాలేజీ వాళ్లకంటే పెద్ద చదువని మా బస్సులో అందరికీ చెబుతుంటాను. అంత చదివీ మా ఇంట్లో టీవీకి మాట తెప్పించలేకపోయాను.

మా ఊరు కోట నుంచి కృష్ణపట్నం పవర్ ప్లాంటుకు మనుషుల్ని చేరవేసే కంపెనీ బస్సు నడుపుతాను. డ్యూటీ అయ్యాక దాన్ని మా వీధి చివరే నిలుపుతాను. నా బస్సులో వచ్చే ఇంజనీరు ఒకాయన బదిలీ అయి వెళ్తూ, సామాను తగ్గించుకుందామని తన హోమ్ థియేటరు నాకు ఇచ్చేశాడు. ఐదు స్పీకర్లు, ఒక బరువైన డబ్బా. అది వచ్చాక టీవీ సొంత స్పీకరు చెడిపోయినా మేం పట్టించుకోలేదు. దాంతో రిమోట్లు మూడయ్యాయి. టీవీకొకటి, సెట్‌టాప్ బాక్సుకొకటి, హోమ్ థియేటరుకొకటి. ఏది ముందు నొక్కాలో ఏది తర్వాత నొక్కాలో నా భార్యకు తెలుసు. నాకు తెలుసుకునే అవసరం రాలేదు.

మూడింటికీ ఆమె ప్లాస్టిక్ కవర్లు తొడిగి, చివర్లు మడిచి, రబ్బరు బ్యాండ్లు వేసింది. మా వైపు ఉప్పుగాలి ఇనుమును బతకనివ్వదు. కవరు లేని రిమోటులో స్ప్రింగులు ఏడాది తిరిగేలోగా చిలుమెక్కి పొడి రాలుస్తాయి.

పోయిన వానల్లో ఆమెకు జ్వరమొచ్చింది. నెల్లూరు తీసుకెళ్లాం. తొమ్మిదో రోజు అంబులెన్సులో వెనక్కి తెచ్చాం. ఏడుస్తానేమోనని అందరూ నా మొహమే చూశారు. ఏడుపు రాలేదు. కుర్చీలు ఎన్ని తెప్పించాలని ఎవరో అడిగితే తడుముకోకుండా చెప్పాను. ఆ ఏడుపు ఇప్పటికీ రాలేదు. పన్ను పీకే ముందు చెంపకు సూదేస్తారు చూడండి, ఆ తర్వాత చెంప మీద తడితే చప్పుడు తెలుస్తుంది గానీ దెబ్బ తెలీదు. మనిషంతా అట్లాగే ఉన్నాను.

ఇంట్లో నేనూ, మా అత్తా మిగిలాం. అత్తంటే నా భార్య తల్లి, నాకు మేనత్త కూడా. చిన్నప్పట్నించీ నన్ను ఒరే అని పిలిచే మనిషి, నేను అల్లుడినయ్యాక కూడా మర్యాద పెంచలేదు. పెళ్లయినప్పటి నుంచీ మాతోనే ఉంది. మోకాళ్ల నొప్పులు, పగలంతా టీవీ ముందే.

ఎండలు మొదలైన రోజుల్లో హోమ్ థియేటరు రిమోటు పనిచేయడం మానేసింది. డబ్బా మీద బటన్ నొక్కితే అది వెలుగుతుంది, వెలిగి నేరుగా రేడియోలోకి పోయి గుర్రుమంటుంది. టీవీ వైపు తిప్పాలంటే రిమోటు తప్ప దారి లేదు. అత్త నెల రోజులు మాటల్లేని సీరియలు చూసింది. నేను డ్యూటీ దిగి, అన్నం తిని, ఆమె పక్కన కూర్చుని అదే చూసేవాణ్ణి. బొమ్మలు నోళ్లు కదిపేవి. మా ఇద్దరికీ ఆ పని కూడా ఉండేది కాదు.

ఒక రోజు అత్త, ఏడాది కార్యం అయిపోగానే నాయుడుపేటలో కొడుకు దగ్గరికి పోతానని చెప్పింది.

"ఆడ టీవీకన్నా మాటలొస్తాయిరా," అంది.

పోవద్దు అనాలి. అనాలని తెలుసు. ఆ మాట నాలుక దాకా కూడా రాలేదు. సెలవు రోజు చూసుకుని, మూడు రిమోట్లూ సంచిలో వేసుకుని నాయుడుపేట బస్సెక్కాను.

అన్నిటికీ ఒక్కటే పనిచేసే రిమోటు కావాలని షాపాయన్ని అడిగాను. మనుషుల మీద పనిచేసేది ఉంటే అదీ చూపించమన్నాను. నోటికి అలవాటైన జోకు. ఆయన మర్యాద కోసం నవ్వాడు, నాకు అదీ రాలేదు.

ఆయన మూడు రకాలు చెప్పాడు. ఒకటి ఫోన్లోనే ఉంటుందట, వేరే రిమోటు అక్కర్లేదు. మా అత్తది బటన్ల ఫోను, అందులోనూ ఆమె ఎత్తుతుందే గానీ చేయదు. రెండోదానికి పుస్తకం ఇస్తారు, అందులో మన టీవీ నంబరు వెతికి కొట్టాలి. బటన్లు యాభైకి పైనే కనిపించాయి. పుస్తకం పద్ధతి వద్దన్నాను, దాన్నుంచి తప్పించుకునే కదా డ్రైవరునైంది. మూడోది లావుపాటి బటన్లు తొమ్మిదే ఉన్నది. పాత రిమోటును దాని మూతికెదురుగా పెట్టి ఒక్కో బటనూ నొక్కితే, చూసి నేర్చుకుంటుందట. నాకంటే నయం.

నా పాతవి ఇవ్వమని, హోమ్ థియేటరుది చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడాయన.

"అన్నా, ఇది చెడిపోలేదన్నా. సెల్లు అయిపోయినట్టుండాది. కవరు తీసి కొత్తవి రెండు ఏస్తే సరిపోతాది," అంటూ రబ్బరు బ్యాండు కింద వేలు పెట్టాడు.

రిమోటు ఆయన చేతిలోంచి తీసేసుకున్నాను. కొంచెం గట్టిగానే లాక్కున్నానేమో, ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు. బండి కదలకపోతే ముందు బ్యాటరీ చూసేవాణ్ణి, ఆ సంగతి నాకు నెల కిందటే తెలుసు. విప్పలేదంతే. మూడో రకం ఇవ్వమన్నాను. కానీ నేర్పాలంటే పాతదానికీ ప్రాణముండాలన్నా అని చెప్పి, ఆయన రెండు కొత్త సెల్లు కూడా సంచిలో వేశాడు.

ఇంటికొచ్చేసరికి అత్త, కార్యానికి ఇంకా నెలలున్నా అప్పుడే, మంచం మీద బ్యాగు పెట్టుకుని చీరలు సర్దుకుంటోంది. నేను కింద చాప మీద కూర్చుని కొత్తదానికి చదువు మొదలుపెట్టాను. టీవీదీ, బాక్సుదీ కవర్లలో ఉండే పనిచేస్తున్నాయి. వాటినుంచి నాలుగు బటన్లు నేర్పాను. మూడోదాన్ని చేతిలో పెట్టుకుని కూర్చున్నాను.

అత్త వచ్చి కుర్చీలో కూర్చుంది. చెయ్యి చాపింది. ఇచ్చాను. రబ్బరు బ్యాండ్లు ఒక్కొక్కటే తీసింది. చివరిది వేడికి కరిగి కవరుకు అతుక్కుపోయి ఉంటే గోటితో గీకింది. కవరును పారేయకుండా మోకాలి మీద పెట్టి సాపు చేసింది. రిమోటు వెనక మూత తీస్తే స్ప్రింగులు కొత్తవాటిలా మెరుస్తున్నాయి. కవరు మీద ఒకే ఒక్కచోట, బొటనవేలు ఆనేచోట, తెల్లబడి పలచబడి ఉంది. కింద ఏ బటన్ ఉందా అని చూశాను. సౌండు ఆపేది.

పెంచే బటన్ కంటే దీన్నే ఎక్కువ నొక్కినట్టుందే అన్నాను. వీధి మలుపులో నా బస్సు హారను వినబడగానే తన కూతురు నొక్కేదని అత్త చెప్పింది. చెప్పులు విడవకముందే ఆ రోజు బస్సులో ఏం జరిగిందో నేను మొదలుపెడతానట, సగం మాటలు టీవీలో కొట్టుకుపోతే మళ్లీ చెప్పమనాల్సి వస్తుందట. నేను గుమ్మంలోకి వచ్చేసరికి టీవీ ఎప్పుడూ గమ్మునే ఉండేది. పెద్ద కంపెనీ హోమ్ థియేటరు కదా, మర్యాద తెలిసినదనుకున్నాను.

ఊఁ అన్నాను. చెంప మీద ఎవరో తట్టినట్టయింది. చప్పుడైతే తెలిసింది.

కొత్త సెల్లు వేసి దాన్నుంచి ఇంకో నాలుగు బటన్లు నేర్పాను. అత్త చేత నొక్కించాను. సీరియల్లో ఎవరో భోరుమని ఏడుస్తోంది, ఐదు స్పీకర్లలో ఒక్కసారిగా వచ్చేసరికి ఇద్దరం ఉలిక్కిపడ్డాం. సౌండు తగ్గించడం అత్తే కనిపెట్టింది.

ఒక బటన్ ఖాళీగా మిగిలింది. అప్పటికి అత్త కొత్త రిమోటును ఆ పాత కవరులోనే దూర్చి, చివర మడిచి, రబ్బరు బ్యాండు వేస్తోంది. ఉండత్తా, తొమ్మిదోదానికి సౌండు ఆపేది నేర్పిస్తానన్నాను.

ఆమె బ్యాండు వేయడం ఆపలేదు.

"నువ్వు వచ్చి నాలుగు మాటలు చెప్తే గదరా, దాన్ని ఆపాల్సిన పని. ముందు నువ్వు నోరు తెరువు, ఆ పొద్దు నేర్పిద్దువుగాని. అందాకా నేను యాడికీ పోయేది లేదు."