నవ్వుతూ తిట్టిన కారు

మొన్న శుక్రవారం కార్ల షోలో అడుగుపెట్టగానే కాలిన రబ్బరు వాసనా, తాజా పెయింటు వాసనా కలిసి గుప్పుమన్నాయి. ఎదురుగా ఒక పాత అమెరికా కారు. పొడుగాటి బానెట్టు, బలమైన ఇంజను, పరుగు కోసమే పుట్టిన బండి. దానికి వంకాయ రంగు స్టిక్కరు చుట్టి, బంగారు రిమ్ములు వేసి, కింద పచ్చ లైట్లు బిగించారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఈ మంట నాకు అంటించిన మనిషి ఖాదర్‌బాషాగారు.

ఆయన కువైట్‌లోని అమ్ఘరాలో మా గ్యారేజీకి ఫోర్‌మన్, రాయచోటి మనిషి. నేను కోనసీమ నుంచి వచ్చిన పెయింటర్ని. కస్టమరు ఏ రంగు చెబితే ఆ రంగు కొట్టి చేతులు కడుక్కునే రకం. చలికాలం సెలవురోజుల్లో ఆయన ఖైతాన్‌లో నా గదికొచ్చి, “యల్లా, లెయ్యబ్బా” అంటూ షోలకు లాక్కుపోయేవారు. అక్కడ చేతులు వెనక్కి కట్టుకుని, మొహం నిండా నవ్వుతో, ఓనరు ఎదుటే తెలుగులో తిట్టేవారు.

“పెండ్లికూతురికి మీసాలు పెట్టినట్టుండాది కదబ్బా!”

పాపం, ఆ ఓనరు మెచ్చుకుంటున్నారనుకుని షుక్రన్ అంటూ థాంక్స్ చెప్పేవాడు. నాకు నవ్వాపుకోలేక కడుపునొప్పి వచ్చేది.

ఒకసారి ఒక నల్లకారు కనిపించింది. బానెట్టు కోసేసి ఉంది, వెనక బట్టలారేసుకునేంత స్పాయిలరు. పక్కనే ఓనరు, కువైటీ కుర్రాడు. బాషాగారు ఎప్పటిలాగే నవ్వుతూ, “దీనికి ఈ గతి పట్టించినోని చేతులు ఇరగ్గొట్టాల” అన్నారు.

“ఆ చేతులు నావేనబ్బా” అన్నాడు కుర్రాడు, అచ్చం రాయచోటి యాసలో. “మా ఇంట్లో పనిచేస్తా నన్ను పెంచింది మీ ఊరామే.”

నా పై ప్రాణాలు పైనే పోయాయి. మా చొక్కాల మీద గ్యారేజీ పేరుంది. మా యజమాని, అదే కఫీల్‌కి ఒక్క ఫోన్ చేస్తే చాలు. బాషాగారి ఇఖామా, ఈ దేశంలో ఉండేందుకు అనుమతి, ఆ నెలలోనే రెన్యువల్ కావాలి. నేను ఆయన చెయ్యి పట్టుకుని, “సారీ చెప్పేయండి బాషాగారూ, లేపోతే ఖలాస్ అయిపోద్ది” అని గొణిగాను.

ఆయన మొహంలో నవ్వు పోయింది. “నీకు తెలుగు రాదనుకోని నవ్వుతా తిట్టినా. అది తప్పు నాయనా, మాఫ్ చెయ్యి. కారు గురించి అన్న మాట మాత్రం ఎనక్కి తీసుకోను.”

“ఇది మా నాయిన కారు. బతికినన్నాళ్లు నన్ను తాకనియ్యలే. అందుకే నాదిగా చేసుకున్నా” అన్నాడు కుర్రాడు.

“అట్లయితే నడుపు. ఈడ సింగారించి నిలబెడితే నీదవుతుందా?”

కుర్రాడు మా చొక్కాల మీది పేరు ఫోటో తీసుకుని వెళ్లిపోయాడు. ఆ వారమంతా గ్యారేజీలో ఫోన్ మోగితే చాలు, స్ప్రేగన్ ఆపి చెవులు రిక్కించేవాణ్ని. చివరికి కఫీల్ రానే వచ్చారు, కుర్రాడు ఫోన్ చేశాడట. బాషాగారి ఇఖామా రెన్యువల్ చేయనన్నారు, అంతే. ఆయన ఊరికి ప్రయాణం కట్టారు.

సాగనంపడానికి వెళ్లి విమానాశ్రయంలో అడిగేశాను: “ఒక్క సారీతో పోయేదానికి ఇంత పంతం దేనికండీ బాబూ?”

“సారీ చెప్పినా కదబ్బా, తప్పు చేసినదానికి” అన్నారాయన.

ఇప్పుడు ఆ ఫోర్‌మన్ పని నాది. నా ఇఖామా కూడా అదే కఫీల్ చేతిలో ఉంది. ఎవరైనా పాత కారు తెచ్చి పాడు చెయ్యమంటే, నాకొచ్చిన ముక్కల అరబ్బీలో మొహం మీదే వద్దంటాను. కొందరు తిట్టి పోతారు. వద్దనే ముందు ప్రతిసారీ గుండె దడదడలాడుతుంది. అయినా అంటాను, నవ్వకుండా.